చివరి బండి ఎందుకు పరుగెత్తాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఉత్తరాల పేజీలో కొన్నాళ్లుగా బైక్ రైడ్ల మీద నడుస్తున్న వాదన చదువుతున్నాను. సెలవు రోజు పొద్దున్నే పదిమంది బండ్లేసుకుని రోడ్డెక్కడం ఆపించాలని కొందరు, కుర్రాళ్ల సరదా మీద నీళ్లు చల్లొద్దని ఇంకొందరు. ఆపించాలనేవాళ్ల మీద నాకు కోపం లేదు. సైలెన్సర్ పీకేసి, ఇళ్ల మధ్య నుంచి ముందు చక్రం లేపుకుంటూ పోయేవాడిని ఒక్కసారి చూసినవాళ్లకి మేమంతా ఒకే తానులో ముక్కల్లాగే కనిపిస్తాం. నాకు ఇబ్బంది అనిపించింది మమ్మల్ని వెనకేసుకొచ్చినవాళ్లు రాసింది చదివాకే. హెల్మెట్ పెట్టుకుని, స్పీడ్ తగ్గించుకుని వెళ్తే ఏమీ కాదని తేల్చేశారు. ఏమీ కాకపోవడమేంటండీ? హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు, బుద్ధిగా నడిపేవాళ్లు, విడిగా వెళ్తే ఎప్పుడూ పడనివాళ్లు గుంపులో వెళ్లినప్పుడు పడుతుంటారు. అదెందుకో ఇటువాళ్లూ చెప్పలేదు, అటువాళ్లూ చెప్పలేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి, కత్తిరించాల్సి వస్తే మొదటి పేరా కత్తిరించండి, మధ్యలోది వద్దు.

నేను రేసర్‌ని కాను, ట్రైనర్‌నీ కాను. మాది స్నేహితులు, వాళ్ల స్నేహితులు, ఆఫీసువాళ్లు కలిసి వెళ్లే మామూలు గ్రూపు. క్లబ్బు పేరు లేదు, జాకెట్ల మీద బొమ్మ లేదు, ఫీజు లేదు. నేను ఎక్కువగా అందరికంటే చివర ఉంటాను, మా మాటల్లో చెప్పాలంటే స్వీప్. చివర ఉండేవాడికి ఒక సౌకర్యం ఉంది. అందరి బ్రేక్ లైట్లూ కనిపిస్తాయి. మలుపులున్న రోడ్డు మీద ఆ లైట్లు చూస్తే చాలు, ఎవరు హాయిగా ఉన్నారో, ఎవరు గుండె చేత్తో పట్టుకుని నడుపుతున్నారో తెలిసిపోతుంది. నడపడం వచ్చినవాడి లైట్ మలుపుకి ముందే వెలుగుతుంది, ఆరిపోతుంది, ఆ తర్వాత బండి వాలుతుంది. అంతే, మలుపు అయ్యేదాకా మళ్లీ వెలగదు. టెన్షన్‌లో ఉన్నవాడి లైట్ మలుపు మధ్యలో వెలుగుతుంది, ఒకసారి కాదు, టక్ టక్ టక్ అని మూడు నాలుగు సార్లు. వెలిగిన ప్రతిసారీ బండి కొంచెం నిటారుగా లేస్తుంది, లేచిన ప్రతిసారీ ఒక జానెడు మలుపు బయటి అంచు వైపు జరుగుతుంది. మలుపు దాటి తిన్నని రోడ్డు రాగానే ఆ మనిషే యాక్సిలరేటర్ గట్టిగా తిప్పుతాడు, ఎందుకంటే ముందు బండి దూరమైపోయింది కదా. దాంతో తర్వాతి మలుపుకి ఇంకా ఎక్కువ స్పీడుతో వస్తాడు. అప్పుడు లైట్ ఇంకా ఆలస్యంగా వెలుగుతుంది. ఆ వరస చూస్తూ వెనక కూర్చోవడం ఎంత నరకమో స్వీప్‌గా వెళ్లినవాళ్లకే తెలుస్తుంది, హారన్ కొట్టినా లాభం లేదు, కొడితే ఇంకా తొందరపడతాడు.

ఈ తరుముడు పొగరు వల్ల వస్తుందని అనుకుంటారు. చాలాసార్లు పొగరు కాదు, ఉత్త లెక్క. పది బండ్లున్నాయనుకోండి, ఒక్కో బండికీ దాని ముందున్న బండికీ మధ్య రెండు సెకన్ల ఎడం ఉందనుకోండి. అంటే మొదటి బండి దాటిన కరెంటు స్తంభాన్ని పదో బండి 18 సెకన్ల తర్వాత దాటుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 18 సెకన్లంటే 300 మీటర్లు. ఊరి పొలిమేర దాటగానే లీడర్ 80కి పెంచాడు. పదోవాడు ఇంకా ఊళ్లోనే ఉన్నాడు, పెంచడానికి లేదు, పెంచకూడదు కూడా. సెకనుకి ఐదున్నర మీటర్ల చొప్పున లీడర్ అతనికి దూరమైపోతుంటాడు. పదోవాడు కూడా పొలిమేర దాటి 80కి వచ్చేసరికి ఆ 300 మీటర్లు 400 అయ్యాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. సెకన్లలో చూస్తే అతను ఎంత వెనకున్నాడో అంతే వెనకున్నాడు, అదే 18. కానీ కంటికి సెకన్లు కనిపించవు, మీటర్లు కనిపిస్తాయి. నన్నొదిలేసి పోతున్నారు అనిపిస్తుంది. ఆ వంద మీటర్లు పూడ్చాలని 100కి పెంచుతాడు. 80తో పోయేవాళ్లని 100తో అందుకోవడానికి మళ్లీ 18 సెకన్లు, అర కిలోమీటరు దూరం పడుతుంది. ఇంతా చేసి సాధించిందేంటంటే, వెనకున్నవాళ్లంతా ఇలాగే జరుగుతూ పోతే, రెండు సెకన్లున్న ఎడం కాస్తా ఒకటిన్నర అవుతుంది. అంటే ఎక్కువ స్పీడుతో వెళ్లి, తక్కువ ఎడం తెచ్చుకున్నారన్నమాట.

ఇది ఒక ఊరి దగ్గర జరిగేది. ప్రతి ఊరికీ, ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ, లారీని ఓవర్‌టేక్ చేసిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది. మొదటి బండి రోజంతా 80 దాటకపోయినా చివరి బండి పదే పదే 100కి వెళ్లాల్సి వస్తుంది. ఇక ఆ చివర ఎవరుంటారు? మొహమాటం ఉన్నవాళ్లు, కొత్తగా బండి కొన్నవాళ్లు, 'మీరు పదండి, నేను నెమ్మదిగా వస్తా' అనేవాళ్లు. గుంపులో అందరికంటే తక్కువ అనుభవం ఉన్న మనిషి అందరికంటే వేగంగా నడపాల్సి వచ్చే ఏర్పాటు ఇది. ఏ దుర్మార్గుడూ దీన్ని కావాలని తయారుచేయలేదు. ఎవరూ ఆలోచించకపోతే దానంతట అదే తయారవుతుంది.

80కీ 60కీ ఏమంత తేడా అనేవాళ్లకి ఒక్క మాట. ఒకే రకం బండ్లు, ఒకే టైర్లు, ఇద్దరూ ఒకే చోట, ఒకే బలంతో బ్రేక్ వేశారు. 60తో వచ్చినవాడు ఎక్కడ పూర్తిగా ఆగిపోయాడో, అదే చోట 80తో వచ్చినవాడు ఇంకా 53తో పోతూ ఉంటాడు. బ్రేకింగ్ దూరం స్పీడుతో పాటు కాదు, స్పీడు వర్గంతో పెరుగుతుంది, స్కూల్లో చదువుకున్న లెక్కే. అడ్డం వచ్చిన గేదెకి ఆ 53 అంటే ఏంటో తెలుస్తుంది, మనకీ తెలుస్తుంది.

సరే, దీనికి మందు లేదా అంటే ఉంది, ఖర్చు కూడా లేదు. మొదటిది గుంపు సైజు. అయిదుగురు, మహా అయితే ఏడుగురు. పదిహేను మంది వచ్చారా, రెండు మూడు గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపుకి ఒక లీడర్‌నీ ఒక స్వీప్‌నీ పెట్టి, పది నిమిషాల తేడాతో బయల్దేరాలి. ఫోటోలో అందరూ ఒకే వరసలో రారని బాధపడేవాళ్లుంటారు, ఆగిన చోట తీసుకోవచ్చు. రెండోది, కొత్తవాళ్లు చివర కాదు, లీడర్ వెనకే ఉండాలి. లీడర్ తన అద్దంలో కనిపించే మనిషిని బట్టి నడపాలి. అద్దంలో ఆ బండి చిన్నదైపోతుంటే తను తగ్గాలి. లీడర్ అంటే అందరికంటే ఫాస్ట్‌గా వెళ్లేవాడు అనే అభిప్రాయం ఎలా వచ్చిందో గానీ, మా గ్రూపులో ఆ పని ఎక్కువసార్లు చేసేది అందరికంటే విసుగు తక్కువున్న మనిషి.

మూడోది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం, దీని గురించే కాస్త ఎక్కువ రాస్తాను. మనిషి ముందు బండిని ఎందుకు తరుముతాడు? దారి తప్పిపోతానేమో అని. ఆ భయం తీసేస్తే సగం తరుముడు అక్కడికక్కడే ఆగిపోతుంది. దానికి మేం పాటించేది ఇది: దారి మారే ప్రతి మలుపు దగ్గరా, నా వెనక ఉన్న బండి నాకు అద్దంలో కనిపించేదాకా నేను తిరగను. పక్కకి, అందరికీ కనిపించే చోట, వెనక నుంచి వచ్చే వాహనాలకి అడ్డం లేకుండా ఆపుకుని నిలబడతాను. వెనకవాడు నన్ను చూశాడని తెలిశాకే కదులుతాను. అతనూ తన వెనకవాడి కోసం అంతే. తిన్నగా పోయే రోడ్డయితే ఎవరూ ఎవరికోసం ఆగక్కర్లేదు, దారి మారలేదంటే తిన్నగానే పోవాలని అర్థం. ఇలా ఉంటే చివరివాడికి పంక్చర్ అయినా, ఒక్కొక్కరుగా అందరూ తర్వాతి మలుపుల్లో ఆగిపోతారు, కాసేపటికి ఆ సంగతి లీడర్ దాకా దానంతట అదే చేరుతుంది. ఫోన్ చేయక్కర్లేదు, ఇంటర్‌కామ్ అక్కర్లేదు. చివరివాడు 40తో వచ్చినా ఎవరికీ నష్టం లేదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది, పెద్ద గుంపులవాళ్లు వాడతారు. మలుపు రాగానే లీడర్ చెయ్యి చూపిస్తాడు, రెండో స్థానంలో ఉన్న బండి అక్కడ ఆగిపోయి వచ్చేవాళ్లందరికీ దారి చూపిస్తుంది, చివర స్వీప్ కనిపించాక అతని ముందు చేరుతుంది. బాగా పనిచేస్తుంది, కానీ రెండో స్థానం ఎప్పుడూ మారిపోతుంటుంది కాబట్టి కొత్తవాళ్లని లీడర్ వెనకే ఉంచాలన్న పద్ధతితో ఇది పొసగదు. పైగా బయల్దేరే ముందు అందరికీ అర్థమయ్యేలా చెప్పకపోతే ఎవడో ఒకడు స్వీప్ రాకముందే కదిలిపోతాడు, అక్కణ్ణుంచి వెనకవాళ్లంతా ఇంకో ఊరికి పోతారు. మాలాంటి చిన్న గుంపుకి మొదటిదే మేలు.

అందరూ గొప్పగా చెప్పుకునే స్టాగర్డ్ వరస, అంటే ఒకరు లేన్‌కి ఎడమవైపు, తర్వాతివాడు కుడివైపు, అలా జిగ్‌జాగ్‌గా వెళ్లడం. అది వెడల్పున్న తిన్నని రోడ్డుకి మంచిదే. ఏటవాలుగా ముందున్న బండికి ఒక సెకను, మన వరసలోనే ముందున్న బండికి రెండు సెకన్లు. కానీ మలుపుల్లోకి వచ్చాక కూడా దాన్నే పట్టుకుని వేలాడతారు కొందరు, అది తప్పు. మలుపులో మనిషికి లేన్ మొత్తం కావాలి, గుంత తప్పించడానికి, ఇసక తప్పించడానికి. మలుపులు రాగానే ఒకరి వెనక ఒకరు, రెండు సెకన్లకి తగ్గకుండా. పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ నడపడం గురించి నేనేం రాయను, రాయడానికేం లేదు.

ఓవర్‌టేక్ గుంపుది కాదు, ఎవరిది వాళ్లదే. ముందువాడు లారీని దాటాడు కాబట్టి నాకూ ఖాళీ ఉంటుందనుకోవడం ఉత్త భ్రమ, అతను చూసిన ఖాళీని అతనే వాడేసుకున్నాడు. నా వంతు వచ్చాక నేను మళ్లీ మొదట్నుంచి చూసుకోవాలి. దాటినవాడు లారీ ముందుకి వచ్చి అక్కడే తగ్గిపోకూడదు, వెనకవాడు వచ్చి దూరడానికి చోటుండేలా కొంచెం ముందుకి పోవాలి. ఇక దాటి వెళ్లినవాడు వెనక్కి చూసి 'రా రా' అని చెయ్యి ఊపుతాడు చూడండి, మంచి మనసుతోనే చేస్తాడు, కానీ అంత ప్రమాదకరమైన మంచితనం ఇంకోటి లేదు. వచ్చేది నా ప్రాణం, చూడాల్సింది నా కళ్లతో.

మిగతావి చిన్న సంగతులు, అందరికీ తెలిసినవే. పెట్రోల్ ఆగడాలు చిన్న ట్యాంకున్న బండిని బట్టి. టైర్లలో గాలి బండి చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. మధ్యలో ఇంటికి పోవాలనుకున్నవాడు స్వీప్‌కి చెప్పి పోవాలి, లేకపోతే అతని కోసం వెనక్కి వెతుక్కుంటూ వెళ్లేది మేమే. హెల్మెట్ మీద కెమెరా పెట్టుకున్నవాళ్లని నేను చివర, నా ముందు ఉండమంటాను, కెమెరా ఆన్ అయితే మనిషికి కొంచెం ఎక్కువ వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. గుంపుని ఎంత బాగా నడిపినా, మలుపు మధ్యలో టక్ టక్ మని లైటు వెలిగించే మనిషికి నడపడం రావాలి కదా. ఎక్కడ నేర్చుకోవాలి? చాలామంది జవాబు, 'మాతో నాలుగు రైడ్లు వస్తే అదే వస్తుంది' అని. రాదు. సీనియర్ వెనక పోతూ అతను ఎంత వాలిస్తే అంత వాల్చడం, ఎక్కడ బ్రేక్ వేస్తే అక్కడ వేయడం, దీన్ని నేర్చుకోవడం అనరు. అతని స్పీడు నేర్చుకుంటాం, అతను ఏం చూసి ఆ స్పీడు ఎంచుకున్నాడో నేర్చుకోం. పైగా రైడ్ రోజు రోడ్డు మీద లారీలుంటాయి, కుక్కలుంటాయి, వెనక స్నేహితులు చూస్తుంటారనే సిగ్గు ఉంటుంది. అక్కడ తప్పు చేసి నేర్చుకునే చోటు లేదు.

1981లో అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన హ్యారీ హర్ట్ అనే ఆయన బృందం ఒక నివేదిక ఇచ్చింది. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించారు, ఇంకో 3,600 ప్రమాదాల పోలీసు రికార్డులు చదివారు. పాతదే, అప్పటి బండ్లు వేరు, అప్పటి బ్రేకులు వేరు. కానీ మనిషి చెయ్యీ కాలూ మారలేదు కాబట్టి ఇప్పటికీ చదవాల్సిందే. ప్రమాదాల్లో పడినవాళ్లలో 92 శాతం మంది తమంతట తామే నేర్చుకున్నవాళ్లు, లేదా ఇంట్లోవాళ్ల దగ్గరో స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లు. ప్రమాదం తప్పించుకోవడానికి వాళ్లకి దొరికిన సమయం మామూలుగా రెండు సెకన్ల లోపే. ఆ రెండు సెకన్లలో ఎక్కువమంది చేసింది వెనక బ్రేక్ గట్టిగా తొక్కి చక్రం జారిపోయేలా చేయడం, ముందు బ్రేక్‌ని సరిగ్గా వాడకపోవడం. బండిని చటుక్కున పక్కకి తప్పించడం వాళ్లకి దాదాపుగా రానే రాదని రాశారు. ఒంటరిగా పడిన ప్రమాదాల్లో మూడింట రెండొంతులు నడిపేవాడి పొరపాటే: అతిగా బ్రేక్ వేసి జారిపోవడం, మలుపులో స్పీడ్ ఎక్కువై అవతలికి పోవడం. ఇంకోటి, నాకు బాగా పనికొచ్చిన సంగతి: సగం కంటే ఎక్కువమందికి ఆ ఫలానా బండితో పరిచయం అయిదు నెలలు కూడా లేదు, రోడ్డు మీద మొత్తం అనుభవం మాత్రం దాదాపు మూడేళ్లుంది. అప్పట్నుంచి మా గ్రూపులో ఎవరు కొత్త బండి కొన్నా, ఎంత పాత రైడరైనా సరే, కొత్తవాడి కిందే లెక్క. అలిగినవాళ్లున్నారు.

ముందు బ్రేక్ అంటే మనవాళ్లకి ఎందుకో ఒక భయం పట్టుకుంది. 'ముందు బ్రేక్ వేస్తే పల్టీ కొడతావ్' అని బండి నేర్పేటప్పుడే చెప్పేస్తారు. బ్రేక్ వేయగానే బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది, కాబట్టి ఆగే బలంలో పెద్ద వాటా దానిదే. వెనక చక్రం మీద బరువు తేలిపోతుంది, కాబట్టి అది ఇట్టే జారుతుంది. చేయాల్సింది ముందు బ్రేక్‌ని మానేయడం కాదు, దాన్ని లాగే తీరు నేర్చుకోవడం. ఖాళీ గ్రౌండ్‌లో, పొడి నేల మీద, బండి నిటారుగా, హ్యాండిల్ తిన్నగా ఉంచి, 30తో మొదలుపెట్టండి. రెండు వేళ్లతో లివర్‌ని ముందు కొంచెమే లాగి పట్టండి, ఫోర్కులు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే స్ప్రింగు గొట్టాలు, కిందకి కుంగడం చేతులకి తెలుస్తుంది, ఆ కుంగడం అయ్యాకే గట్టిగా పిండండి. ఒక్కసారిగా గుంజితే బరువు ఇంకా ముందుకి రాకముందే చక్రం ఆగిపోతుంది, పల్టీ అనీ జారుడు అనీ మనవాళ్లు భయపడేది దానికే. నిమ్మకాయ పిండినట్టు, మొదట మెల్లగా, తర్వాత బలంగా. మోకాళ్లతో ట్యాంకుని పట్టుకోండి, లేకపోతే మన ఒంటి బరువంతా చేతుల మీద పడి హ్యాండిల్ అటూ ఇటూ పోతుంది. కళ్లు నేల మీద కాదు, దూరంగా. ఆగిన చోట ఒక రాయి పెట్టండి. మళ్లీ చేయండి. ఆ రాయి దగ్గరకి జరుగుతూ వస్తుంటే వచ్చే తృప్తి ఏ ఘాట్ రోడ్డులోనూ రాదు. 30 కుదిరాక 40, ఆ తర్వాత 50. అంతేగానీ మొదటిరోజే 80 వద్దు.

మీ బండికి ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు, ఉంటే అది పనిచేయడాన్ని ఒకసారైనా కావాలని చూడండి. 1988లో బీఎండబ్ల్యూ కే100తో బైకుల్లోకి ఎలక్ట్రానిక్ ఏబీఎస్ వచ్చింది, ఇప్పుడు మామూలు బండ్లకీ ఉంటోంది, అయినా దాన్ని కాలితో చేత్తో ఎప్పుడూ చవిచూడనివాళ్లే ఎక్కువ. అది పనిచేసేటప్పుడు లివర్ వేళ్ల కింద దడదడమని కొట్టుకుంటుంది. తెలియనివాడు ఏదో విరిగిందనుకుని బ్రేక్ వదిలేస్తాడు. సరిగ్గా వదలకూడని క్షణంలో.

ఇక బండిని తిప్పడం. 25, 30 దాటాక బండి హ్యాండిల్ తిప్పితే తిరగదు, వాలితే తిరుగుతుంది, వాలాలంటే ఎటు పోవాలో ఆ వైపు గ్రిప్‌ని ముందుకి నెట్టాలి. కుడికి పోవాలంటే కుడి గ్రిప్‌ని ముందుకి. వినడానికి తలకిందులుగా ఉంటుంది, అంటే ఒక్క క్షణం చక్రం ఎడమకి తిరుగుతుంది, బండి కుడికి వాలుతుంది. రెండు చక్రాల బండి నడిపే ప్రతి ఒక్కరూ తెలియకుండా ఇదే చేస్తుంటారు. విమానం కనిపెట్టిన అన్నదమ్ముల్లో విల్బర్ రైట్ సైకిళ్ల వ్యాపారం చేసేవాడు కదా, ఆయన ఎంతోమంది సైకిలిస్టులని ఎడమకి ఎలా తిరుగుతారని అడిగి చూశాడట, ముందు కొంచెం కుడికి తిప్పుతున్నామన్న సంగతి మొదట అడగ్గానే వాళ్లలో ఒక్కరూ చెప్పలేకపోయారు. స్పృహలో లేకపోయినా మామూలుగా పని జరిగిపోతుంది. ఎదురుగా కారు అడ్డం వచ్చినప్పుడు జరగదు. కంగారులో చేతులు బిగుసుకుపోతాయి, లేదా తప్పించుకోవాల్సిన వైపుకి హ్యాండిల్‌ని లాగేస్తాం, బండి సరిగ్గా దాని మీదకే పోతుంది. అందుకే వెడల్పున్న ఖాళీ చోట 40తో తిన్నగా పోతూ, ఒక గ్రిప్‌ని మెల్లగా నెట్టి వదలడం, ఇంకో గ్రిప్‌ని నెట్టి వదలడం, బండి ఎంత తేలిగ్గా మాట వింటుందో చూడటం. తర్వాత నేల మీద ఒక పాత గుడ్డ పడేసి దాన్ని చివరి క్షణంలో తప్పించడం. తప్పిస్తూ బ్రేక్ వేయొద్దు. తప్పించడం అయ్యాక వేయాలి, లేదా బ్రేక్ వేసి వదిలాక తప్పించాలి. కొత్తల్లో రెండూ ఒకేసారి టైరుకి ఎక్కువైపోతాయి.

చూపు గురించి రాయకపోతే మిగతాదంతా వృథా. బండి మనం చూసిన చోటికే పోతుంది. గుంతని చూస్తూ ఉంటే గుంతలోకి, ఎదురొచ్చే లారీని చూస్తూ ఉంటే లారీలోకి. మలుపులో రోడ్డు రెండు అంచులూ కలిసిపోయినట్టు కనిపించే చోటు ఒకటి ఉంటుంది, చూపు అక్కడ ఉండాలి. ఆ చోటు మన మీదకి వచ్చేస్తున్నట్టుంటే మలుపు బిగుస్తోంది, స్పీడ్ ఎక్కువైందని అర్థం. అది మనతో పాటే ముందుకి జరుగుతుంటే సరిపోయింది. అది పారిపోతున్నట్టుంటే మలుపు విచ్చుకుంటోంది, మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వొచ్చు. ముందు బండిని తరిమేవాడికి ఇవేవీ కనిపించవు, ఎందుకంటే అతను రోడ్డుని కాదు, ముందు బండి నంబర్ ప్లేటుని చూస్తుంటాడు. గుంపులో పోయేటప్పుడు ఇదే పెద్ద సమస్య. ముందువాడు అవతలి లేన్‌లోకి పోతే వెనకవాడు కూడా అతని వెనకే పోతాడు. అలా ఇద్దరు, ముగ్గురు.

మలుపులో ఎక్కువ స్పీడుతో వచ్చేశాం అనిపించినప్పుడు, చాలావరకు బండి ఇంకా వాలగలదు, వాలనిది మనమే. భయపడి నిటారుగా లేపితే అవతలికి పోవడం ఖాయం. చూపు మలుపు లోపలికి, లోపలి గ్రిప్ మీద ఇంకొంచెం ఒత్తిడి. ఇది చదివి వచ్చేది కాదు, గ్రౌండ్‌లో తక్కువ స్పీడులో చేతులకి అలవాటైతేనే అక్కడ గుర్తొస్తుంది. అసలు మందు మాత్రం మలుపుకి ముందే తగ్గి రావడం. కనిపించే రోడ్డులో ఆగగలిగే స్పీడు, అంతకి మించి వద్దు.

'ఇంత చిన్నపిల్లల ఆట మాకెందుకు, మేం పదేళ్లుగా నడుపుతున్నాం' అని నవ్వేవాళ్లని నేనేమీ అనను, నేల మీద రాళ్లతో ఎనిమిది అంకె గీసి అందులో కాలు కింద పెట్టకుండా, క్లచ్ సగం పట్టుకుని, వెనక బ్రేక్ కొంచెం ఆనించి, తల పూర్తిగా తిప్పి పోవాల్సిన వైపు చూస్తూ నడపమంటాను. నవ్వు కాసేపటికి ఆగిపోతుంది. నడక స్పీడులో బండి మీద అదుపు లేనివాడు ఘాట్ రోడ్డులో ఇరుకు మలుపు దగ్గర, యూ టర్న్ దగ్గర, ఎత్తులో ట్రాఫిక్‌లో పడిపోతాడు. ఆ పడిపోవడంలో పెద్ద దెబ్బలు తగలకపోవచ్చు గానీ, ఆ భయంతో మిగతా రోజంతా బిగుసుకుపోయి నడుపుతాడు. అందుబాటులో ట్రైనింగ్ స్కూల్ ఉంటే ఇవన్నీ అక్కడ నేర్చుకోవడమే మేలు, తప్పు ఎక్కడుందో బయట నిలబడి చూసే మనిషి ఉంటాడు. లేకపోతే కనీసం గ్రూపే ఒక పూట రైడ్ మానేసి గ్రౌండ్‌కి వెళ్లొచ్చు. గ్రౌండ్ అయినా హెల్మెట్, గ్లోవ్స్, బూట్లు తప్పనిసరి, 30తో పడినా మోచెయ్యి మోచెయ్యే. మేం నెలకోసారి అలా వెళ్తుంటాం. మొదట్లో ఎవరూ రాలేదు, వచ్చినవాళ్లు ఫోన్ చూసుకుంటూ నిలబడ్డారు. ఇప్పుడు రైడ్ కంటే దానికే ఎక్కువమంది వస్తున్నారు, పోటీలు పెట్టుకుంటున్నారు, ఎవరు తక్కువ దూరంలో ఆగారని. తరిమే సరదా ఎక్కడికీ పోలేదు, ఆగే సరదాగా మారింది.

ఎడిటర్ గారూ, చివరిగా మీ పత్రికకి రెండు విన్నపాలు. బైక్ ప్రమాదం వార్త వేసినప్పుడల్లా 'అదుపు తప్పి' అని రాసి వదిలేస్తున్నారు. చనిపోయిన మనిషిని నిందించమని నేను అడగడం లేదు, పేరు కూడా వద్దు. అది మలుపా, తిన్నని రోడ్డా, ముందు బండికి ఎంత దగ్గరగా ఉన్నాడు, టైరు జారిన గుర్తు ఉందా, ఓవర్‌టేక్‌లో ఎన్నో బండి, తెలిసినంతవరకు ఆ రెండు ముక్కలు రాయండి. చదివే రైడర్‌కి అదొక పాఠం. రెండోది, కొత్త బైకు వచ్చినప్పుడు మీరు వేసే పేజీలో మైలేజీ వేస్తారు, టాప్ స్పీడు వేస్తారు, 0 నుంచి 100కి ఎన్ని సెకన్లో బొమ్మ గీసి మరీ వేస్తారు. 80 నుంచి 0కి ఎన్ని మీటర్లో ఇంతవరకు ఒక్కసారి కూడా చూడలేదు. అది కూడా ఒక వరసలో వేయండి. ఆ పేజీ పక్కన కాస్త చోటిస్తే గ్రౌండ్‌లో చేసే ఈ సాధనల బొమ్మలు, కొలతలతో సహా గీసి పంపిస్తాను, డబ్బులేమీ వద్దు.

ఇట్లు,
గుంపు చివర నడిపే మీ పాఠకుడు